పీస్ లిల్లీ పూయలేదని క్లయింట్ అడిగితే

ఆఫీసుల్లో మొక్కల మెయింటెనెన్స్ చేసేవాళ్లకు ఈ మెయిల్ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు: ‘పెట్టినప్పుడు పీస్ లిల్లీల నిండా తెల్లపూలున్నాయి. ఇప్పుడు ఆకులే మిగిలాయి. కారణం చెప్పండి.’ రెన్యువల్‌కు నెల ముందు వచ్చిందంటే మరీ ఇబ్బంది. ఆ కంగారులో చాలామంది ఎరువు డోసు పెంచేస్తారు. పని అక్కడే చెడుతుంది.

ముందు ఆ మొదటి పూల సంగతి తెలుసుకోండి. పెద్ద నర్సరీలు పీస్ లిల్లీకి జిబ్బరెల్లిక్ యాసిడ్ స్ప్రే చేయడం మామూలే. ద్రాక్షతోటల్లో వాడే మందే ఇది. కొట్టిన సుమారు మూడు నెలలకు, పూత వయసు రాని మొక్క కూడా పూస్తుంది. కుండీలన్నీ ఒకేసారి పూస్తాయి కాబట్టి అమ్మకం సులువు. ఆ పూలు రాలాక మొక్క తన వయసును బట్టి, అందే వెలుతురును బట్టే నడుస్తుంది. అందుకే కడియం నుంచి తెప్పించినా, పుణె నుంచి తెప్పించినా సప్లయర్‌ను రెండు ప్రశ్నలు అడగండి: మందు కొట్టారా, మొక్క వయసెంత? ఏడాది కూడా నిండని మొక్క మీద పూల హామీ ఇవ్వొద్దు. మీరే మందు కొట్టి గట్టెక్కుదామనీ అనుకోవద్దు. డోసు మించితే కాడలు సాగిపోయి పూలు వంకర తిరుగుతాయి. పైగా ఏసీ ఆఫీసులో, మనుషుల మధ్య స్ప్రే చేసే పనా అది?

అసలు లోపం దాదాపు ఎప్పుడూ వెలుతురులోనే ఉంటుంది. పీస్ లిల్లీ నీడను ఓర్చుకుంటుందన్న మాట నిజమే, కానీ ఆ ఓర్పు ఆకులకే. ఆఫీసు డెస్క్ మీద సాధారణంగా 300 నుంచి 500 లక్స్ వెలుతురు ఉంటుంది. అందులో మొక్క పచ్చగా బతుకుతుంది, పూత మాత్రం పట్టదు. పూలు కావాలంటే రోజూ పది పన్నెండు గంటలు, కనీసం వెయ్యి లక్స్ పైన ఉండేలా చూడండి. ఫోన్‌లోని లక్స్ మీటర్ యాప్ కచ్చితంగా చెప్పదు గానీ, రెండు చోట్ల మధ్య తేడా పట్టుకోవడానికి చాలు. కిటికీ పక్కన ఒకసారి, రెండు మీటర్లు లోపలికి జరిగి ఇంకోసారి కొలవండి. ఆ రెండు అంకెలు ఫొటో తీసి రిపోర్టులో పెడితే అడ్మిన్‌తో వాదన సగం తగ్గుతుంది. గచ్చిబౌలి వైపు టవర్లలో ఇంకో చిక్కుంది. అద్దాలకు ఎండ ఆపే కోటింగ్ ఉంటుంది కాబట్టి, బయటి వెలుగు చూసి లోపల అంతే ఉందనుకుంటే మోసపోతాం. వీకెండ్ లైట్లు ఆర్పేస్తారన్నదీ లెక్కలో వేసుకోండి. వెలుతురు కావాలి కదా అని నేరుగా ఎండలో మాత్రం పెట్టొద్దు, ఆకులు మాడతాయి.

వెలుతురు చాలని చోట యూరియా లాంటి నత్రజని ఎరువు పెంచితే ఆకులే బలుస్తాయి, లేదా ఉప్పు పేరుకుని కొసలు ఎండుతాయి. 19:19:19 లాంటిది లేబుల్ మీద చెప్పిన దాంట్లో పావు వంతు కలిపి, నెలకోసారి ఇస్తే చాలు. కొసలు గోధుమరంగుకు తిరుగుతుంటే నీళ్లను కూడా అనుమానించండి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే, నల్గొండ ప్రాంతంలో లాగా, బకెట్‌లో పట్టి రాత్రంతా ఉంచినా అది పోదు. క్లోరిన్ అయితే పోతుంది. కుండీ మరీ పెద్దది కాకూడదు, వేర్లు కాస్త ఇరుకుగా ఉంటేనే ఈ మొక్కకు నయం. ఏసీ గాలి సూటిగా తగలకుండా జరపండి. వాడిన పూకాడను మొదలు దాకా కోసేయండి.

ఇంత చేసినా రిసెప్షన్‌లో ఏడాదంతా పూలుండవు. కావాలని క్లయింట్ పట్టుబడితే దారి ఒక్కటే, రొటేషన్. రిసెప్షన్‌లో 12 కుండీలు ఎప్పుడూ పూలతో కనిపించాలనుకుందాం. ఒక విడత పూలు నాలుగు వారాలు చూడ్డానికి బాగుంటాయి, మొక్క మళ్లీ పూతకు రావడానికి పన్నెండు వారాలు పడుతుందని లెక్క వేసుకుంటే, మొత్తం 48 కుండీలు తిరగాలి. అంటే 36 కుండీలు మీ షేడ్ నెట్ కింద మీ ఖర్చుతో పెరుగుతుంటాయి. మే నెల వేడికి కొన్ని వెనకబడతాయి కూడా. ఆ చోటు, నీళ్లు, ఆటో కిరాయి, మనిషి కూలి కొటేషన్‌లో వేయకుండా ‘పూల గ్యారంటీ’ అని రాసిస్తే లాభం మొత్తం అందులోనే పోతుంది. రేటు తగ్గించమంటే రేటు తగ్గించకండి, కుండీలు తగ్గించండి. ఫ్రంట్ డెస్క్ దగ్గర నాలుగు పూల కుండీలు, మిగతా చోట్ల ఆకు మొక్కలు అని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. గ్రో లైట్ పెట్టడానికి క్లయింట్ ఒప్పుకుంటే టైమర్‌తో సహా వాళ్ల ఖర్చులోనే రాయించండి, స్విచ్ హౌస్‌కీపింగ్ వాళ్లు ఆర్పకుండా స్టికర్ అంటించండి.

క్రెష్ ఉన్న ఫ్లోర్‌లో మాత్రం ఈ కుండీలను నేల మీద పెట్టొద్దు. ఆకులో కాల్షియం ఆక్సలేట్ ఉంటుంది, పిల్లలు నమిలితే నోరు మండి వాస్తుంది. ఆ విషయం సైట్ విజిట్ రోజునే రాతపూర్వకంగా అడ్మిన్‌కు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.