జల్లు వెనకే ఎండ: ఉద్దానం తోటల్లో చేయాల్సిన పనులు

మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పలాస, టెక్కలి వైపు వాన వచ్చే తీరు చాలావరకు ఒకలాగే ఉంటుంది. పొద్దున్నే ఉక్కపోత, మధ్యాహ్నం దాటాక మహేంద్రగిరి కొండల మీద మబ్బు, సాయంత్రానికి ఈదురుగాలితో ఉరుముల జల్లు. బంగాళాఖాతం మీది తేమగాలికి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ లోపలి నుంచి వచ్చే పొడి వేడిగాలి ఎదురు కావడమే దీనికి మూలం. రెండు మూడు రోజులయ్యాక తేమ తగ్గి ఎండ ముదురుతుంది. 2023లో మార్చి మూడో వారం అకాల వర్షాలు రాష్ట్రంలో మొక్కజొన్న, మిర్చి రైతులను దెబ్బతీశాయి. ఏప్రిల్ మధ్యకల్లా కోస్తాకు వడగాడ్పుల హెచ్చరికలు మొదలయ్యాయి.

వాతావరణ శాఖ ‘ఒకటి రెండు చోట్ల’ వాన అంటే నాలుగో వంతుకు మించని కేంద్రాల్లో పడుతుందని లెక్క. టెక్కలి తడిసి వజ్రపుకొత్తూరులో చుక్క రాలకపోవచ్చు. అయినా జాగ్రత్త రెండు చోట్లా ఒకటే.

శనివారం మబ్బు పట్టే సూచన ఉంటే శుక్రవారం సాయంత్రానికే తోటలో రాలిన జీడి పిక్కలన్నీ ఏరేయాలి. ఎండుటాకుల కింద రెండు రోజులు తడిలో ఉన్న పిక్క పైకి బాగానే కనబడుతుంది. కోస్తే లోపల పప్పు మచ్చపడి ఉంటుంది, ఒక్కోసారి బూజు కూడా పడుతుంది. కొనేవారు గుప్పెడు పిక్కలు కోసి చూసి నాణ్యత కడతారు. కాబట్టి 80 కిలోల బస్తాలో నాలుగు కిలోల తడి పిక్కలు కలిసినా దెబ్బ బస్తా మొత్తానికీ తగులుతుంది. ఏరిన వాటిని పండు నుంచి వేరు చేసి, వాన రోజుల్లో వసారాలో పలచగా పరచాలి. తడి మీద కుప్ప పోయకూడదు. ఎండ రాగానే రెండు మూడు రోజులు తిరగేస్తూ ఆరబెట్టి, తేమ 8, 9 శాతానికి దిగాకే బస్తాకెత్తాలి. గోరు నొక్కితే దిగకుండా, చేతిలో గలగలలాడితే ఎండినట్టే. బస్తాలను నేల మీద కాకుండా చెక్కల మీద పేర్చాలి.

వాన ముందు మందు కొట్టడం డబ్బు దండగ. అసలు కనిపెట్టాల్సింది వాన వెలిశాక, ఆ మబ్బు, ఆ తేమ మిగిలి ఉన్న రోజుల్లో. జీడి తోటలో టీ దోమకు అదే అనుకూలమైన కాలం. లేత చిగుళ్లు, ఆలస్యంగా వచ్చిన పూత, పచ్చి పిక్కలు చూడాలి. దోమ కుట్టిన చోట చిన్న బంక బొట్టు కారుతుంది, ఆ మచ్చ నల్లబడి, పూత గుత్తి కాలినట్టు ఎండిపోతుంది. ఎర్రటి ఒళ్లు, నల్ల తల, వీపున గుండుసూది తలలాంటి మొటిమ దాని గుర్తులు. కొత్త మచ్చలు కనబడితే లాంబ్డా సైహలోత్రిన్ 5 శాతం మందు లీటరు నీటికి 0.6 మి.లీ. చొప్పున, తేనెటీగలు తిరగని సాయంత్రం వేళ పిచికారీ చేయాలి. ముందుగా రైతు సేవా కేంద్రంలో చూపించి నిర్ధారించుకోవడం మేలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతాన్ని కుదిపేశాక నాటిన అంట్లు ఇప్పుడు కాపు మీదున్నాయి. వాటి మొదళ్లను కూడా చూడాలి. బంక, రంపపు పొట్టు కనబడితే లోపల తొలుచు పురుగు ఉన్నట్టే.

టెక్కలి వైపు కోసి చేలో వదిలిన మినుము, పెసర, నువ్వు కట్టలు ఉంటే గట్టు మీదకు చేర్చి టార్పాలిన్ కప్పాలి. వాన వెలిసిన వెంటనే విప్పి ఆరబెట్టకపోతే గింజ మొలకెత్తుతుంది.

కొబ్బరికి ఈ జల్లు వరమే, కానీ లెక్క చూసుకోవాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. రెండు మీటర్ల వ్యాసార్థం ఉన్న పాదు మీద 10 మి.మీ. వాన నేరుగా పడితే సుమారు 125 లీటర్లు. ఇసుక నేలలో వేసవిలో నాలుగు రోజులకోసారి చెట్టుకు 200 లీటర్లు కావాలి. అంటే ఒక్క జల్లు ఒక్క తడికి కూడా చాలదు. తేమ ఉండగానే పాదుల్లో కొబ్బరి డొక్కలు, ఎండాకులు పరిస్తే ఆ కాస్త నీరూ నిలుస్తుంది. ఎండ ముదిరాక తెల్లదోమ పెరిగితే పురుగుమందు జోలికి పోకుండా ఆకుల అడుగుకు తగిలేలా నీళ్లు జోరుగా కొట్టడం మంచిది. ఆ దోమను అదుపు చేసే ఎన్‌కార్సియా పరాన్నజీవిని మందులు చంపేస్తాయి.

ఉరుము వినబడగానే పిక్కలు ఏరేవారు తోట వదిలి పక్కా ఇంట్లోకి వెళ్లాలి. కొబ్బరి, తాడి చెట్ల కింద నిలబడకూడదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. దామిని యాప్ ఫోన్లో ఉంటే దగ్గర్లో పిడుగులు పడే సూచన ముందే తెలుస్తుంది.

ఎండ తిరిగాక పనివేళలు మార్చాలి. కోస్తాలో 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ వడగాడ్పుగా లెక్కిస్తుంది. కిడ్నీ జబ్బు చాలా ఇళ్లలో ఉన్న ఉద్దానంలో మనిషి ఒంట్లో నీరు తగ్గనివ్వకూడదు. తోట యజమానులు పనులు పదకొండు గంటల్లోపే ముగించి, కూలీలకు చెట్టు నీడన మంచినీళ్ల బిందె, మజ్జిగ తప్పక ఏర్పాటు చేయాలి.