కంగారుకు ముందే నిర్ణయం

కొలోస్టమీ (పెద్దపేగును పొట్ట మీదికి తెరిచి, మలాన్ని బ్యాగులోకి మళ్లించే ఆపరేషన్) అయి పదేళ్లు గడిచినా సరే, బ్యాగు మార్చేటప్పుడు దూది మీద రక్తపు మరక కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది. జబ్బు మళ్లీ తిరగబెట్టిందేమోనన్న ఆలోచన మొదలైతే ఇక నిద్ర పట్టదు. కొందరు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకుండా దాచేస్తారు. కొందరు గంటకోసారి అద్దం ముందు నిలబడతారు. రెండూ భయానికి లొంగిపోవడమే.

ధైర్యం అప్పటికప్పుడు పుట్టుకురాదు. మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు తేల్చిపెట్టుకున్నదే కంగారులో అక్కరకొస్తుంది. అందుకే ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి, మీ డాక్టరును అడిగి నింపుకోండి.

మొదటి గడి, గమనిస్తే చాలు. ఆరోగ్యంగా ఉన్న స్టోమా, అంటే పొట్ట మీద తెరిచిన పేగు నోరు, పెదవి లోపలి పొరలా ఎర్రగా, తడిగా ఉంటుంది. తుడిచేటప్పుడు పైపొర నుంచి కాస్త రక్తం అంటి, వెంటనే ఆగిపోతే మామూలే. మలద్వారం మూసేసినా దొడ్డికి వెళ్లాలనిపించడం చాలామందికి ఉండేదే.

రెండోది, ఈ వారంలోనే చూపించుకోవాలి. రక్తం మలంలో కలిసి లోపలి నుంచి రావడం, చుట్టూ చర్మం ఒరిసిపోవడం, దగ్గితే స్టోమా పక్కన ఉబ్బెత్తుగా లేవడం. ఆ ఉబ్బు హెర్నియా కావచ్చు.

మూడోది, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. స్టోమా నల్లబడినా, రక్తం ఆగకపోయినా, కడుపు ఉబ్బి నొప్పి, వాంతులు మొదలై మలం, గ్యాస్ రెండూ ఆగిపోయినా తెల్లారేదాకా చూడకూడదు. సొంతంగా విరేచనాల మందు అసలే వేసుకోకూడదు.

ఈ గళ్లు నింపేటప్పుడు అడగడానికి మొహమాటపడకండి. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్, తాను ఆపరేషన్ చేసిన నార్మా గిల్‌నే ఇతర రోగులకు నేర్పే పనిలో పెట్టుకున్నారు. ఆమె నర్సు కాదు, ఇలియోస్టమీతో, అంటే పొట్ట మీదికి తెరిచిన చిన్నపేగుతో బతుకుతున్న మనిషి. స్టోమా సంరక్షణ ఒక వృత్తిగా ఎదిగింది అక్కడి నుంచే. రోగికి మందుతో పాటు మొహమాటం లేకుండా అడగగలిగే మనిషీ కావాలని టర్న్‌బుల్ గుర్తించారు.

కాబట్టి డాక్టరు దగ్గర ‘ఏదోలా ఉంది’ అని ఊరుకోవద్దు. ఎప్పటి నుంచి, ఎంత, ఏ రంగు అన్నది చెప్పండి, ఫోన్‌లో తీసిన ఫొటో చూపించండి. ఆ కాగితం అడుగున, అర్ధరాత్రి పిలిస్తే వెంట వచ్చే ఒకరి నంబరు రాసుకోండి. వాళ్లకు సంగతి ఈరోజే చెప్పి ఉంచండి.