మేలిముసుగు రెబెకా: ఒక శిల్పం, పలు ప్రతులు

హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియం దర్శించేవారిలో ‘మేలిముసుగు రెబెకా’ ఎదుట ఒక్క క్షణమైనా నిలువనివారు అరుదు. పలుచని ముసుగు చాటున ఆమె కన్నులు, పెదవులు స్పష్టంగా గోచరిస్తాయి. నిజానికి అక్కడ వస్త్రమే లేదు. ముఖమూ ముసుగూ ఒకే పాలరాయి. ముఖంపై సన్నని మడతల రేఖలను మాత్రమే మిగిల్చి, అంచులవద్ద మడతలను దట్టంగా చెక్కడంవల్ల రాయి మన కంటికి వస్త్రమై తోస్తుంది.

దీని రూపకర్త ఇటలీ శిల్పి జోవాన్నీ మరియా బెంజోని (1809-1873). తెలుగు బైబిలులో ఈమె పేరు రిబ్కా. తనను వివాహమాడనున్న ఇస్సాకును తొలిసారి చూచినప్పుడు ఆమె ముసుగు వేసుకొన్నదని ఆదికాండం చెబుతున్నది. హైదరాబాదు దివాను మొదటి సాలార్ జంగ్ 1876లో ఐరోపా పర్యటన సందర్భంగా రోము నగరంలో ఈ విగ్రహాన్ని కొన్నారు. ఆ సంవత్సరాన్నే దీని నిర్మాణకాలంగా కొందరు పేర్కొనడం పొరపాటు. అప్పటికి మూడేళ్ళ క్రితమే శిల్పి మరణించాడు.

ఇటువంటి రెబెకా మరికొన్ని చోట్ల కూడా ఉన్నదనీ, అమెరికాలోని అట్లాంటా నగరపు హై మ్యూజియంలో ఒకటి ఉన్నదనీ తెలిసినప్పుడు కొందరు నిరుత్సాహపడతారు. మనది నకలేనా అని ప్రశ్నిస్తారు. ఆనాటి పాలరాతి శిల్పాల నిర్మాణ విధానం తెలిస్తే ఈ సందేహం తీరుతుంది.

శిల్పి మొదట మట్టితో రూపం తీర్చేవాడు. దానినుండి గచ్చు నమూనా తయారయ్యేది. నమూనాపై ముఖ్యమైన బిందువులను గుర్తించి, కొలతసాధనంతో వాటి లోతును పాలరాతిపైకి బదిలీ చేసేవారు. అంతవరకు రాతిని తొలచి పనివారు రూపం తెచ్చేవారు. చివరి మెరుగులు నిపుణుల చేతిమీద జరిగేవి. బెంజోని కర్మశాలలో పలువురు శిల్పకారులు పనిచేసేవారు. కొనుగోలుదారులు కోరినకొద్దీ ఒకే నమూనానుండి మరల మరల విగ్రహాలు వెలువడేవి. ఆ నమూనాకు పాలరాతి విగ్రహాలన్నీ ప్రతులే. కనుక మరొక ప్రతి ఉండడంవల్ల మన విగ్రహం విలువకు లోటు రాదు.

ఈ విగ్రహ చరిత్రలో మరొక మలుపు గమనింపదగినది. చిరకాలం ఇది ఒక ప్రభు కుటుంబపు సొత్తు. మూడవ సాలార్ జంగ్ 1949లో మరణించారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ఆయన సేకరణలతో ఏర్పడిన మ్యూజియాన్ని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యంగల సంస్థగా ప్రకటించింది. 1968లో అది మూసీ తీరాన గల నేటి భవనానికి తరలింది.

హీబ్రూ గాథ, ఇటలీ శిల్పం, హైదరాబాదు దివాను అభిరుచి ఇందులో కలిశాయి. అతిథులు మాత్రమే చూడగలిగిన రూపాన్ని నేడు బడిపిల్లలు బారులు తీరి చూస్తున్నారు. లోకంలో ఇటువంటివి ఎన్ని ఉన్నాయన్న లెక్కకంటె, ఇది ఎందరి కన్నులకు అందుతున్నదన్నదే మనకు ముఖ్యం.