తడబడు గేరుపెట్టె: మేనల్లునికి లేఖ

విజయనగరము

 

నీ ఉత్తరము అందినది. విశాఖపట్టణమున పాత కారొకటి కొంటిననియు, అది క్లచ్చి పెడలు లేని ఆటోమేటిక్ బండి యనియు, శ్రీకాకుళము చేరిన కొలదికాలమునకే, ఉదయము వెనుకకు తీయుటకై రాడ్డును రివర్సులోనికి లాగినపుడు వెంటనే కదలక, కొంత తడవు ఊరకుండి, పిదప ధడేలున అందుకొనుచున్నదనియు, చిలకపాలెము దాటి జాతీయ రహదారిపై లారీని దాటబోవునపుడు కాలు నొక్కినను తటపటాయించుచున్నదనియు, చూపించిన షెడ్డువారు తలయూచి "పెట్టె దింపవలసినదే" అనిరనియు వ్రాసితివి. ఆ మాటకు నీవు బెదరితివని నీ అక్షరములే చెప్పుచున్నవి. బెదరవలదు, పెట్టెను దింపనీయనూ వలదు. దింపుట ఈ పనిలో కడపటి మెట్టు. దానికి ముందున్న మెట్లన్నియు స్వల్పవ్యయముతో ముగియునవే. వానిలో సగము నీవే స్వయముగా చేసికొనదగినవి.

నీవు వ్రాసినదానిలో రెండు వేర్వేరు జబ్బులు ఒక్క వాక్యములో కలిసిపోయినవి. నిలిచియున్న బండి గేరందుకొనుటలో జాగు ఒకటి. పరుగెత్తుచున్న బండి గేరు మార్చుకొనుటలో జాగు మరియొకటి. ఈ రెండును గాక, గేరుపెట్టెకు ఏ సంబంధమును లేక, ఇంజనుకే సత్తువ చాలక కలుగు మందకొడితనము మూడవది. ఈ మూడింటిని విడదీయకుండ "గేరు స్లోగా పడుచున్నది" అని షెడ్డులో చెప్పినచో, వినువాడు తనకు తెలిసిన వైద్యమునే చేయును గాని, నీ బండికి కావలసినది చేయడు. డిపో వర్క్‌షాపులో నా యౌవనమంతయు గడచినది గదా. డ్రైవరు వ్రాసిచ్చు ఫిర్యాదు కాగితము సరిగా లేనందున బస్సులో నిక్షేపముగా నున్న భాగములను విప్పి మరల బిగించుట అక్కడ నిత్యము చూచినదే.

ముందు ఆ పెట్టె తీరు కొంచెము తెలిసికొనుము. ఇంజనుకును గేర్లకును నడుమ టార్క్ కన్వర్టరను డొల్ల యున్నది. అందు ఎదురెదురుగా నమర్చిన రెక్కల నడుమ తైలము సుడి తిరుగుచు శక్తిని ఒకదాని నుండి మరియొకదానికి చేరవేయును. హెర్మన్ ఫెటింగరను జర్మను ఇంజనీరు 1905లో దీనికి పేటెంటు పొందినది కార్లకొరకు కాదు, ఓడల యంత్రములకొరకు. కార్లలో పూర్తిగా తనంత తాను గేర్లు మార్చుకొను పెట్టెను విరివిగా అమ్మకమునకు తెచ్చినది అమెరికాలో జనరల్ మోటార్సు వారు, 1939లో, ఓల్డ్స్‌మొబైల్ బండ్లతో. నాటినుండి నేటివరకు మారనిది ఒక్కటే: ఆ పెట్టెలో కార్యకర్త తైలమే. పంపు ఒకటి తైలమునకు ఒత్తిడి కల్పించును. వాల్వ్ బాడీ ఆ ఒత్తిడిని సన్నని దారులగుండ కావలసిన క్లచ్చి పలకల గుత్తికి పంపును. పలకలు బిగిసినపుడు గేరు పడును. తోటపల్లి కాలువలో నీటిమట్టము తగ్గిననాడు చిట్టచివరి మడికి తడి చేరుటకు ఎంత ఆలస్యమగునో నీకు తెలియును; ఒత్తిడి తగ్గిన పెట్టెలో గేరు పడుటయు అట్టిదే. తైలము తక్కువైనను, జల్లెడ పూడినను, పంపు అరిగినను, రబ్బరు సీళ్లు ఎండి గట్టిపడినను, పైకి కనబడు లక్షణము ఒక్కటే: రాడ్డు లాగిన పిమ్మట ఎదురుచూపు.

ఆ ఎదురుచూపును కొలువవచ్చును. బండిని చదునైన చోట నిలిపి, ముందు వెనుకల ఎవ్వరును లేకుండ చూచి, ఏసీ ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, కాలిబ్రేకు గట్టిగ నొక్కిపట్టి, ఇంజను బాగుగా కాగిన తరువాత న్యూట్రల్ నుండి డీ లోనికి మార్చుము. మార్చిన క్షణమునుండి బండి చిన్నగా అదిరి గేరు అందుకొన్నదని తెలియు క్షణమువరకు సెల్‌ఫోనులోని గడియారముతో కొలువుము. మరల న్యూట్రల్ చేసి, ఒక నిమిషము ఆగి, మరల చూడుము. మూడుమార్లు చూచి సగటు తీయుము. రివర్సుకును అట్లే. టొయోటా వారి మరమ్మతు పుస్తకములలో డీ కి 1.2 సెకన్లకును, రివర్సుకు 1.5 సెకన్లకును లోపల అందుకొనవలెనని యుండును. నీ బండి ఆ కంపెనీది కాకున్నను కొలబద్దగా ఇది చాలును. రెండువైపులను ఆలస్యమైనచో మొత్తము ఒత్తిడియే తగ్గినదని అనుమానింపవలెను. ఒక్క రివర్సులోనే ఆలస్యమైనచో ఆ గేరుకు సంబంధించిన పలకలో సీళ్లో అరిగినవని అనుకొనవచ్చును. ఇదే పరీక్షను తెల్లవారుజామున చల్లని బండిపై చేసి రెండు లెక్కలను పక్కపక్కన వ్రాయుము. చల్లగా నున్నపుడు మాత్రమే జాగుచేసి, కాగిన పిమ్మట సరియగునది గట్టిపడిన సీళ్ల లక్షణము, లేదా తైలము మట్టము తగ్గిన లక్షణము. చల్లగా బాగుండి కాగిన పిమ్మట తడబడునది అంతకంటె చెడ్డది. పలుచబడిన తైలమును అరిగిన పంపు పట్టియుంచలేకున్నదని దాని అర్థము. బ్రేకు నొక్కిపట్టి ఆక్సిలరేటరును పూర్తిగా తొక్కి చూచు "స్టాల్ టెస్టు" ఒకటి కలదు. ఎవరైన నీకు చెప్పినను చేయవలదు. అది అయిదు సెకన్లు మించినచో తైలము మరిగి, బాగున్న పెట్టెయు చెడును.

ఇక తైలము సంగతి. నా దృష్టిలో నీ ప్రశ్నకు సగము సమాధానము ఇందే యున్నది. డిప్‌స్టిక్కు ఉన్న బండి యైనచో, ఇంజను కాగి నడుచుచుండగా, బ్రేకు నొక్కి రాడ్డును అన్ని స్థానములలోనికిని నెమ్మదిగా త్రిప్పి పార్కులో నుంచి, "హాట్" గుర్తు వద్ద మట్టము చూడవలెను. హోండా వారి బండ్లలో మాత్రము ఇంజను ఆపి నిమిషము దాటిన పిదప, నిమిషమున్నర లోపల చూడవలెను. ఈ భేదము తెలియక సరియైన మట్టమును తక్కువని భ్రమించి ఎక్కువ పోయువారు కలరు. ఎక్కువైనను నురుగెత్తి గాలి చేరి అదే తడబాటు కలుగును. కొన్ని బండ్లకు డిప్‌స్టిక్కే యుండదు. వానికి ర్యాంపుపై నెక్కించి అడుగున మర విప్పి చూచుటయే మార్గము. చుక్క తైలమును తెల్లకాగితముపై వేసి చూడుము. పారదర్శకమైన ఎరుపు ఆరోగ్యము, గోధుమరంగు వార్ధక్యము, నల్లబడి మాడు కంపు కొట్టినచో పలకలు కాలినవి. పాలు కలిపినట్లు గులాబిరంగు తిరిగినచో నీరు చేరినది. రేడియేటరులోని తైలపు గొట్టమునకు చిల్లు పడినను చేరును, బండి వరదలో మునిగినను చేరును.

ఈ రెండవది మన ప్రాంతమున తేలికగా కొట్టివేయదగిన మాట కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై విరుచుకుపడినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వద్ద తీరము దాటి వంశధార నదిని ఉప్పొంగించినది. నీళ్లలో నిలిచిన బండ్లను కడిగి, సీట్లు మార్చి, అమ్మిన యేళ్లవి. గేరుపెట్టెపై గాలి పోవుటకొక సన్నని గొట్టముండును; నీటిమట్టము దానిని దాటినచో లోనికి నీరు పోవును. ముందు సీట్ల క్రింద కార్పెట్టును ఎత్తి మేకులకు త్రుప్పు పట్టినదేమో, సీటుబెల్టును కొసవరకు లాగి బురదచార యున్నదేమో చూడుము.

తైలము మార్చవలసివచ్చినచో, షెడ్డులో డబ్బాలో నున్నది ఏదో పోయనీయవలదు. హ్యుందాయ్ పాత పెట్టెలకు ఎస్‌పీ-3 అనియు, హోండా వారికి డీడబ్ల్యూ-1 అనియు, టొయోటా వారికి డబ్ల్యూఎస్ అనియు వేర్వేరుగా కలవు. పలకల రాపిడికి తగినట్లు వాని గుణములు కూర్చబడినవి. నీ బండి పుస్తకములో నున్న పేరే సీసాపై నుండవలెను. అడుగున మర విప్పి వంచినంతమాత్రమున పాతది మొత్తము రాదు. కన్వర్టరులో చాల భాగము మిగిలిపోవును. కావున ఒకమారు వంచి పోసి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, మరల వంచి పోయుటయే మంచిది. యంత్రముతో ఒత్తిడిపెట్టి మొత్తము కడుగుదుమని చెప్పు షాపులు కలవు. ఏండ్ల తరబడి తైలము మార్చని బండికి నేను దానిని ఒప్పుకొనను.

లారీని దాటునపుడు కలుగు తటపటాయింపును మాత్రము మొదటినుండి వేరుగా చూడుము. డాష్‌బోర్డులో ఇంజను తిరుగుడును చూపు ముల్లు నీకు గొప్ప సాక్షి. కాలు నొక్కగనే ముల్లు గబాలున పైకి లేచి, బండి వేగము మాత్రము పెరగకున్నచో, పెట్టెలో పలకలు జారుచున్నవి. ముల్లే మెల్లగ లేచుచున్నచో తప్పు ఇంజనుది: ఎయిర్ ఫిల్టరు పూడినది, స్పార్కుప్లగ్గులు అరిగినవి, థ్రాటిల్ బాడీకి మసి పట్టినది, లేదా థ్రాటిల్ ఎంత తెరచుకొన్నదో చెప్పు సెన్సారు అబద్ధమాడుచున్నది. ఆ సెన్సారు అబద్ధమాడినచో గేరు ఎప్పుడు మార్చవలెనో పెట్టెకు తెలియదు. గేరుపెట్టె జబ్బని షెడ్డుకు తెచ్చిన బండి ప్లగ్గులతో బాగుపడి పోవుట నాకు వింత గాదు. రివర్సులో వినబడు ఆ "ధడేలు" సైతము పెట్టెది కాక, ఇంజనును మోయు రబ్బరు మౌంటింగు చిరిగినందున కావచ్చును. బానెట్టు తెరచి, బ్రేకు నొక్కిపట్టి యొకరు డీ నుండి రివర్సుకు మార్చుచుండగా మరియొకరు ప్రక్కన నిలిచి చూచినచో ఇంజను ఎగిరిపడుట కనబడును. రాడ్డుపై ఓవర్‌డ్రైవ్ బొత్తము పొరబాటున ఆపబడి యున్నదేమో అదియు చూడుము. నవ్వవలదు, పాత యజమాని చేయి తగిలి అట్లే వదలిన బండ్లు చూచితిని.

ఎక్కుడు త్రోవలో పరీక్షింపదలచినచో సాలూరు దాటి సుంకి ఘాటు వైపు పోవు దారికంటె మంచిది మన ప్రాంతమున లేదు. కాని తైలము మార్చకమునుపు పోవలదు. ఎనుబది డిగ్రీల సెంటిగ్రేడు దాటిన పిదప పెరుగు ప్రతి పది పదకొండు డిగ్రీలకును తైలము ఆయువు సగమగునని మెకానిక్కులు వేయు లెక్క స్థూలమే ఐనను, ఘాటు దారిలో దానిని నమ్మి నడచుకొనుట క్షేమము. వాలుపై ఆగవలసినపుడు కాలిబ్రేకుతో నిలుపుము. ఆక్సిలరేటరును సగము నొక్కి నిలబెట్టు అలవాటు పెట్టెను వండివేయును. లారీల పనిలో సాలూరు చేతులు ఘనమైనవి, వారి ఇనుపపనికి నేను నమస్కరింతును. కాని వాల్వ్ బాడీ విప్పుట వేరు విద్య. దానికి విశాఖలో ఆటోమేటిక్ పెట్టెలనే చూచు షెడ్డుకు పోవలెను.

పోవుటకు ముందు స్కానరు పెట్టించుము. మన దేశమున కార్లలో ఆత్మపరీక్ష చేసికొను ఏర్పాటు 2010 ఏప్రిల్ నుండి మొదటి దశగను, 2013 ఏప్రిల్ నుండి రెండవ దశగను తప్పనిసరి యైనది. అంతకు ముందటి బండ్లలో సైతము కొన్నింటికి సాకెట్టు ఉండును. పీ0700 అని వచ్చినచో పెట్టె కంప్యూటరు ఏదో ఫిర్యాదు దాచుకొన్నదని మాత్రమే అర్థము; దాని వెనుక నున్న రెండవ కోడును చదివింపవలెను. పీ0715 లోనికి వచ్చు వేగము చూపు సెన్సారుది, పీ0720 బయటికి పోవు వేగపు సెన్సారుది, పీ0730 గేరు నిష్పత్తి తప్పినదనుట. సెన్సారు కోడు వచ్చినంతనే సెన్సారు కొనవలదు. సముద్రపుగాలి తగులు ఊళ్లలో వైర్ల కనెక్టర్లకు పచ్చని త్రుప్పు పట్టుట పరిపాటి. విప్పి శుభ్రపరచి, బ్యాటరీ ఎర్తుతీగ బిగించి, మరల చూడవలెను. బ్యాటరీ విప్పి మరల పెట్టినచో కొన్ని బండ్లు నేర్చుకొన్నది మరచి కొంతకాలము మొరటుగా గేర్లు మార్చును, దానికి భయపడవలదు.

ఈమధ్య వచ్చిన బండ్లలో మామూలు క్లచ్చినే మోటారు నొక్కు ఏఎమ్‌టీ పెట్టెలు కలవు. 2014లో మారుతి సెలేరియోతో అవి మన వీథులకు వచ్చినవి. వానిలో కొంత తడబాటు పుట్టుకతో నుండును. నీది ఆ జాతి కాదు గనుక, ఎవరైన "ఆటోమేటిక్ అంటే అంతే" అని సరిపెట్టినచో వినవలదు.

ఇన్ని చేసిన పిదపను జాగు తగ్గనిచో, అడుగు పళ్లెము విప్పినపుడు నీవు దగ్గర నుండి దానిలోని అయస్కాంతమును చూపుమని అడుగుము. మెత్తని బూడిదరంగు ముద్ద సహజమైన అరుగుదల. చేతికి గుచ్చుకొను ఇనుపరజనును, నల్లని పలకల పొట్టును ఉన్నచో, దానితోపాటు ముల్లు జారుటయు మాడు కంపును ఉన్నచో, నిన్ను బెదరించిన ఆ షెడ్డువారి మాటయే నిజమైనదని ఒప్పుకొని పెట్టె దింపింపుము. అప్పుడైనను ముందుగా గేజి తగిలించి తైలపు ఒత్తిడి కొలిపించి, ఆ అంకె కాగితముపై వ్రాయించుకొనుము. ఆ ఖర్చు బండి వెలకు సమీపించినచో, బాగుచేయించుటయో అమ్ముటయో మీ అమ్మతో ఆలోచింపుము. అమ్మదలచినచో కొనువానికి ఉన్నదున్నట్లు చెప్పి అమ్ముము.

నా యొద్దకు వచ్చునపుడు పాత తైలము ఒక చిన్న సీసాలో పట్టి, నీవు కొలిచిన సెకన్ల కాగితముతో సహా తీసికొనిరమ్ము. మీ అత్త నీకు ఆశీస్సులు చెప్పమన్నది.

ఇట్లు
నీ మేనమామ