పాలతో నిండిన కడుపు, బలపం కోరే నోరు

సమస్య

లేపాక్షి సమీప గ్రామం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం, నాలుగేళ్లు నిండిన ఆమె కుమారుడి గురించినది. బిడ్డ బరువు 13 కిలోలు. తన ఈడు పిల్లల పక్కన నిలబెడితే పుల్లలా కనిపిస్తున్నాడనీ, ఏం పెట్టినా ఒంటికి పట్టడం లేదనీ ఆమె బాధ. ఇంట్లో రెండు సీమావులు ఉండడంతో, పాలకేంద్రానికి పోయగా మిగిలిన పాలలో చక్కెర, డబ్బాలో దొరికే మాల్టు పొడి కలిపి, రోజుకు నాలుగుసార్లు, మొత్తం మీద లీటరుకు తగ్గకుండా తాగిస్తున్నారు. బిడ్డ సంగటి ముద్దను చూస్తే మొహం తిప్పుకుంటాడు, పప్పన్నం రెండు ముద్దలతో లేస్తాడు, ఆకుకూర నోట పెట్టడు. ఫోను చూపిస్తే తప్ప నాలుగు మెతుకులు లోపలికి పోవు. పిల్లవాడికి తినిపించడం కూడా చేతకాదని అత్తగారు ఇరుగుపొరుగు ముందు అనడం ఆమెను మరింత కుంగదీస్తోంది. అన్నట్టు బలపాలు దొరికితే దొంగచాటుగా కొరికి తింటున్నాడని చివరలో ఒక్క మాట చేర్చి, పాలలో ఏ పొడి కలిపితే బిడ్డ లావవుతాడో తెలపమని ఆమె కోరారు.

సలహా

ఆ చివరి మాటే ఉత్తరం మొత్తంలో ముఖ్యమైనది. ఆహారం కాని మట్టి, గోడ సున్నం, బలపం వంటివి తినాలనిపించడాన్ని వైద్యులు 'పైకా' అంటారు. బలపం తినే బిడ్డకు కాల్షియం చాలడం లేదని ఊళ్లలో అనుకొని పాలు పెంచుతారు కానీ, ఈ కోరిక వెనుక తరచుగా కనిపించేది ఇనుము లోపం, దానివల్ల వచ్చే రక్తహీనత. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలలో 63 శాతం మందికి రక్తహీనత ఉంది కనుక, ఇది ఈ ఒక్క ఇంటి కథ కాదు, ఈ ఒక్క తల్లి తప్పు అంతకన్నా కాదు.

ఆవుపాలు లీటరుకు సుమారు 650 నుంచి 700 కిలోకెలరీలు ఇస్తాయి. నాలుగేళ్ల బిడ్డకు రోజంతటికీ కావలసినది దాదాపు 1,300 కాబట్టి, చక్కెర, పొడి కలవకముందే సగం ఆకలి పాలతోనే తీరిపోతుంది. కానీ ఆ లీటరులో ఉండే ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా కాదు, ఆ వయసుకు అవసరమైనది 11 మిల్లీగ్రాములు. పైగా పాలలోని కాల్షియం, అన్నంతోపాటు వచ్చే కాస్త ఇనుమును కూడా ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఇనుము తగ్గినకొద్దీ ఆకలి మందగిస్తుంది, ఆకలి లేని బిడ్డకు ఇంట్లోవారు ఇంకో గ్లాసు పాలు పట్టిస్తారు. తినడం లేదని పాలు, పాలవల్ల తినకపోవడం, ఇలా చుట్టూ తిరుగుతూ ఉంటుంది.

బరువు విషయంలో మాత్రం ఆ తల్లి కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ఎదుగుదల ప్రమాణాలలో నాలుగేళ్ల మగబిడ్డ నడిమి బరువు 16.3 కిలోలు, 12.7 కిలోలకు దిగువ ఉంటే తక్కువ బరువుగా లెక్కిస్తారు. ఈ బిడ్డ ఆ గీతకు కాస్త పైన ఉన్నాడు. అంగన్‌వాడీలో ఎత్తును కూడా కొలిపించి, ఎదుగుదల పట్టికలో గత నెలల చుక్కలతో పోల్చి చూడాలి, ఎందుకంటే ఒకనాటి బరువుకన్నా ఆ చుక్కలను కలిపే గీత పైకి సాగుతోందా, నిలిచిపోయిందా అన్నది ఎక్కువ చెబుతుంది. ఈలోగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష తప్పక చేయించాలి. 11 గ్రాములకు తగ్గితే ఇనుము మందు ఎంత, ఎన్నాళ్లు వాడాలన్నది వైద్యులే నిర్ణయించాలి. ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించారో లేదో కూడా చూసుకోవాలి.

పాలను మానిపించనక్కరలేదు, రోజుకు రెండు చిన్న గ్లాసులకు, అంటే 400 మిల్లీలీటర్లకు తగ్గించి, అవి కూడా భోజనానికి ముందు కాకుండా దూరంగా ఇస్తే చాలు; నాలుగేళ్లవాడికి రోజుకు కావలసిన 550 మిల్లీగ్రాముల కాల్షియంలో చాలా భాగం వాటితోనే అందుతుంది. పెరుగు తింటే పాలు ఆ మేరకు తగ్గించవచ్చు. మిగిలిన కాల్షియం రాగుల నుంచి వస్తుంది, వంద గ్రాముల రాగులలో దాదాపు 360 మిల్లీగ్రాములు ఉంటుంది. రాగులలోని ఫైటేట్లు, అంటే ఖనిజాలను పట్టి ఉంచి ఒంటికి అందనివ్వని పదార్థాలు, నానబెట్టి మొలకెత్తిస్తే తగ్గుతాయి కనుక, మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన పిండితో కాచిన జావ ఈ బిడ్డకు డబ్బా పొడి కన్నా ఎంతో మేలు. ఆ పొడుల సంగతికి వస్తే, ఆహార భద్రతా చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనే నిర్వచనమే లేదన్న కారణంతో, అటువంటి పానీయాలను ఆ పేరుతో చూపవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ అమ్మకందారులను ఆదేశించింది.

లేపాక్షి వీరభద్రాలయ ప్రాంగణంలో నేలబండపై చెక్కిన పళ్లేలను ఆ ప్రాంతంవారు చూసే ఉంటారు; శిల్పులు అన్నం తిన్న పళ్లేలని కొందరు, రంగులు కలుపుకున్నవని మరికొందరు అంటారు. అన్నం పళ్లేలే అయితే, నడుమ ఒక పెద్ద గుంట, చుట్టూ చిన్న గుంటలు ఉన్న ఆ అమరిక సమతులాహారమనే మాటను పుస్తకాలకన్నా తేలికగా బోధిస్తుంది. వానలు తక్కువైన ఆ మెట్టనేల ఆ చిన్న గుంటలను నింపగలదు కూడా: అనపగింజలు, ఉలవలు, అలసందలు, చెనక్కాయలు, చింతచిగురు, కోడిగుడ్డు. ఇనుము బాగా ఒంటబట్టడానికి పప్పుమీద నిమ్మరసం పిండాలి, టీ అసలు ఇవ్వకూడదు. చెనక్కాయ గింజలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉన్నందున ఈ వయసులో దంచి, బెల్లంతో ముద్దచేసి పెట్టడమే క్షేమం.

కొత్త రుచిని చూసి వెనుదీయడం రెండు నుంచి ఆరేళ్ల వరకు పిల్లల సహజ స్వభావం. ఒక పదార్థాన్ని పది పదిహేనుసార్లు చూశాక, తాకాక, నాలుకకు రాసుకున్నాక గానీ ఇష్టపడని పిల్లలు ఎందరో ఉంటారు. ఏమి వండాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దల నిర్ణయమనీ, ఎంత తినాలో బిడ్డ నిర్ణయమనీ అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన పద్ధతిని ఈ ఇంట్లో పాటించడం మంచిది. ఫోను పక్కన పెట్టి, అందరూ తినే వేళకు బిడ్డనూ కూర్చోబెట్టి, గోళీకాయంత సంగటి ముద్ద వడ్డించి, వదిలేస్తే తిట్టకుండా పళ్లెం తీసివేయాలి. పాలు తగ్గించిన మొదటి వారం ఏడుస్తాడు. ఆ వారం తల్లి ఒక్కతే తట్టుకోలేదు. కనుక ఈ జవాబును ముందుగా అత్తగారికి చదివి వినిపించి, సంగటికి తోడుగా కారం తగ్గించిన ఊరుబిండి నూరే పని, మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తినే పని ఆమెకే అప్పగించడం మేలు.