వంద బలం మందుకు ఎర్ర మూత సిరంజి వద్దు

బీర్కూర్

కొడుకా,

దుబాయ్‌లో నీకు ఇన్సులిన్ మొదలుపెట్టారని మీ అమ్మ చెప్పింది. చెప్తూ ఏడ్చింది. మన దిక్కు సూది దాకా వచ్చిందంటే ఇక ఆ మనిషి పని అయిపోయిందనే అనుకుంటారు గదా. మీ పెద్దమ్మకు రెండు పూటలా సూది వేసేది నేనే. ఆమె ఇప్పటికీ పొలం గట్ల మీద తిరుగుతుంది, నాట్లప్పుడు కూలోళ్లకు అన్నం మోసుకుపోతుంది. 1922లో టొరంటోలో పద్నాలుగేళ్ల పిల్లవానికి మొట్టమొదట ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు అట్లాంటి పిల్లలను తిండి తగ్గించి కొన్నాళ్లు నిలబెట్టడం తప్ప డాక్టర్లకు వేరే దారి లేదు. కాబట్టి సూదికి భయపడకు. భయపడాల్సింది అంచనాతో వేసే సూదికి.

మే నెలలో సెలవు మీద వస్తున్నావు గనుక అన్నిటికంటే ముందు ఇది చదువు. నీకు అక్కడ ఇచ్చేది వంద బలం మందు, అంటే ఒక ఎమ్మెల్‌లో 100 యూనిట్లు. మన మెడికల్ షాపుల్లో సీసాల్లో ఎక్కువగా దొరికేది నలభై బలం, ఒక ఎమ్మెల్‌లో 40 యూనిట్లే. దేని సిరంజి దానిదే. నలభైకి ఎర్ర మూత, వందకు నారింజ రంగు మూత. మా ఇంట్లో ఉన్నవన్నీ ఎర్ర మూతవే. నీ సిరంజిలు అయిపోయిన రోజు, పెద్దమ్మవి ఉన్నాయి గదా అని ఒకటి తీసుకుని నీ సీసాలోంచి 20 గీత దాకా లాగావనుకో. ఆ గీత దగ్గర పట్టేది అర ఎమ్మెల్. నీ మందు అర ఎమ్మెల్ అంటే 50 యూనిట్లు. ఇరవై వేసుకున్నాననుకుని యాభై ఎక్కించుకుంటావు, ప్రాణం మీదికి వస్తుంది. అటుదిటు చేసినా తప్పే. మా సీసాలోంచి నీ సిరంజితో 20 లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లు. షుగర్ దిగడం లేదని డోసు పెంచుకుంటూ పోతావు. పెన్నులో ఉండేది కూడా ఎక్కువగా వంద బలమే, దాన్ని సిరంజితో లాగనే లాగొద్దు. అమెరికా వాళ్లు 1970ల్లోనే వంద బలం తెచ్చుకుని క్రమంగా దానికే మారిపోయారు. మన దగ్గర ఇప్పటికీ రెండూ నడుస్తున్నాయి. చదువు రాని ముసలమ్మ మూత రంగు ఒక్కదాన్ని నమ్ముకుని ప్రాణం కాపాడుకోవాలంటే నాకు కోపమొస్తుంది, బిడ్డా. కోపమొచ్చి ఏం లాభం, సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది.

విమానంలో మందును పెద్ద పెట్టెలో వెయ్యకు, కింద సామాన్ల దగ్గర గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. చేతిసంచిలో పెట్టుకో, డాక్టర్ చీటీ పక్కనే ఉంచుకో. ఇక్కడి మే ఎండలు నీకు తెలిసినవే. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో, ఐస్ పెట్టెకు దూరంగా పెట్టాలి. వాడుతున్న సీసాను సాధారణంగా నాలుగు వారాలకు మించి వాడొద్దు, అది కూడా చల్లని చోట ఉంటేనే. కరెంటు పోయినప్పుడు మేము సీసాను కవర్‌లో నీళ్లు పోకుండా కట్టి, నీడలో తడి ఇసుక మధ్య పెట్టిన చిన్న మట్టికుండలో ఉంచుతాం. బండి డిక్కీలో మాత్రం పెట్టకు.

షుగర్ చూసుకునే మీటర్ సంగతి. మామిడిపండు తిన్న చేత్తో వేలు గుచ్చుకుంటే ఆ రసం తీపి కూడా రక్తంలో కలిసి అంకె ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి ఎక్కువ వేసుకుంటే షుగర్ డౌన్ అవుతుంది. సబ్బుతో కడుక్కుని, ఆరనిచ్చి, వేలికొస పక్కన గుచ్చు. అక్కడ కొన్న కొన్ని మీటర్లు 5, 8 అని చిన్న అంకెలు చూపిస్తాయి. వాటిని 18తో హెచ్చవేస్తే మన లెక్క వస్తుంది. పొద్దున పరగడుపున, సూదికి ముందు, బండి నడిపే ముందు చూసుకో. పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు అనేది చాలామందికి పెట్టే గురి. నీ గురి నీ డాక్టర్ చెప్పాలి.

70 కంటే కింద ఉంటే లో షుగర్. చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, ఊరికే చిరాకు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగు, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడు, ఇంకా తక్కువుంటే మళ్లీ తాగు. తేరుకున్నాక అన్నం తిను. 54 కంటే దిగితే తెలివి తప్పొచ్చు. తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. ఈ మాట నీకంటే మీ అమ్మకు ముఖ్యం. వచ్చిన రోజే ఆమెకు చెప్పు.

ఇది కొంచెం కఠినంగానే చెప్తాను. నువ్వు వచ్చావంటే దోస్తులు దావత్ అంటారు, కల్లు దుకాణం కాడికి పిలుస్తారు. ఇన్సులిన్ మీద ఉన్న మనిషి ఖాళీ కడుపుతో తాగితే, పడిపోతున్న షుగర్‌ను లేపాల్సిన కాలేయం ఆ పని మానేస్తుంది. రాత్రి నిద్రలో డౌన్ అయితే తాగి పడుకున్నాడనుకుంటారు, ఎవరూ లేపరు. పైగా మన కల్లులో మత్తుమందు కలుపుతున్నారు. 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదులకొద్దీ మంది ఆసుపత్రి పాలయ్యారు. నువ్వు దాని జోలికి పోవద్దు.

జ్వరమొచ్చి తిండి పోకపోయినా నీ అంతట నువ్వు సూది పూర్తిగా ఆపకు. జ్వరంలో షుగర్ పెరుగుతుంది. వాంతులు అవుతుంటే ఆలస్యం చెయ్యకుండా బాన్సువాడ ఏరియా ఆసుపత్రికి పోదాం. పసరు మందుతో సూది మానిపిస్తామని ఎవరైనా ఇంటికొస్తే నా దగ్గరికి పంపు. పొట్ట మీద ఒకే చోట రోజూ పొడిస్తే గడ్డ కట్టి మందు సరిగ్గా ఎక్కదు, చోటు మారుస్తూ ఉండు.

టికెట్ కాకముందే నీ మందు పెట్టె మీద పేరు, బలం స్పష్టంగా కనబడేటట్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. అదే మందు బాన్సువాడలో దొరుకుతుందో లేదో నేను కనుక్కుంటాను. దొరకదంటే సెలవు మొత్తానికి సరిపడా మందు, దానికి తగ్గ సిరంజిలు, స్ట్రిప్పులు అక్కడే కొనుక్కుని రా. డబ్బులు తక్కువైతే మొహమాటపడకుండా చెప్పు.

మీ పెద్దబాపు