పురపాలక సంఘమువారి లైసెన్సు: దాని అర్థమును, ధర్మమును

పట్టణవాసులకు పురపాలక సంఘము నిత్యము కన్పించుచునే యుండును. కాని అది చేయు పనులలో మిక్కిలి తక్కువగా తెలియబడినది లైసెన్సుల పని. కుళాయినీరు రాకున్నను, వీథిదీపము వెలుగకున్నను వెంటనే గుర్తింతుము. పొరుగున నొక పిండిమర వెలసినప్పుడు, దాని చప్పుడును ధూళియు మన యింటిలోనికి రాకుండ కాపాడవలసిన కాగిత మొకటి ఆ మరగలవానియొద్ద ఉండవలెనని మనకు తోచదు. ఆ కాగితమే లైసెన్సు. వర్తకులలో కొందరు దీనిని పన్నురసీదుగా నెంచుదురు. కొందరు అధికారులు చూపు దయగా నెంచుదురు. ఈ రెండు తలంపులును సరియైనవి కావని చూపుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

ముందుగా మాటల అర్థమును తెలిసికొందము. శాసనసభ చేయునది చట్టము. ఆ చట్ట మిచ్చిన అధికారమునకు లోబడి పట్టణ కౌన్సిలు తన పొలిమేరలోపల చేసికొను నియమము ఉపనిబంధన. దీనినే వాడుకలో బైలా అందురు. అమెరికాదేశమున నగరపాలకులు చేయు నియమములనే ఆర్డినెన్సులందురు. మనదేశమున ఆర్డినెన్సు అనగా, శాసనసభ సమావేశమై యుండనప్పుడు గవర్నరుగాని, పార్లమెంటు సమావేశమై యుండనప్పుడు రాష్ట్రపతిగాని జారీచేయు తాత్కాలిక శాసనము. కనుక ఆ పదము కన్పించినప్పుడు అది ఏ దేశపు మాటయో గమనింపవలెను. ఉపనిబంధన చట్టమునకు బిడ్డవంటిది. తల్లిమాటను మీరెనేని న్యాయస్థానము దానిని కొట్టివేయును.

మన ప్రాంతమున ఈ పద్ధతికి నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. చెన్నరాజధానిలో 1865వ సంవత్సరమున పట్టణాభివృద్ధి చట్టము పుట్టెను; ఆ మరుసటి యేడు, అనగా 1866లో, ఏలూరు పురపాలక సంఘ మేర్పడెను. 1882లో రిప్పను ప్రభువు చేసిన తీర్మానము స్థానికస్వపరిపాలనమునకు ఊపిరి పోసెను. అటుపిమ్మట 1884, 1920 సంవత్సరములలో జిల్లా పురపాలక చట్టములు వచ్చెను. తాడేపల్లిగూడెము 1958లో పురపాలక సంఘమైనది. 1965లో ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘముల చట్టము పాత చట్టముయొక్క స్థానమును ఆక్రమించెను. ఏలూరు 2005లో నగరపాలక సంస్థగా మారినందున దానికి కార్పొరేషనుల చట్టము వర్తించును; తాడేపల్లిగూడెమునకు 1965 నాటి చట్టము. పేర్లు వేరైనను సూత్ర మొక్కటియే.

ఆ సూత్రమును తెలిసికొనుటకు 1920 నాటి చట్టమును చూచుట మేలు. ఇరుగుపొరుగువారికి హానిగాని బాధగాని కల్గింపగల వ్యాపారములు ఆ చట్టపు అనుబంధమున వరుసగా చెప్పబడినవి. లైసెన్సు లేనిదే వాటిని నడపరాదని కౌన్సిలు ప్రకటింపవచ్చును. అయితే ఆ ప్రకటన జిల్లా గెజెటులో అచ్చగుటయే చాలదు, దండోరా కూడ వేయింపవలెను. అరువది దినములు గడచువరకు అది అమలులోనికి రాదు. ఇందలి న్యాయమును విద్యార్థులు గ్రహింతురుగాక. చదువురానివాడు గెజెటును చూడడు గాని డప్పుమోతను వినును. నియమము వచ్చుచున్నదని విన్నవాడు తన పనిని చక్కదిద్దుకొనుటకు రెండు నెలల వ్యవధి కలదు. తెలియనీయక శిక్షించుట పరిపాలన కాదు. ఉపనిబంధనల విషయమునను ఇట్లే: ముసాయిదాను ముందుగా ప్రకటించి, ప్రజల ఆక్షేపణలను విని, పిమ్మట ప్రభుత్వముయొక్క ఆమోదమును పొందవలెను.

ఇక లైసెన్సు కావలసిన పనులెవ్వి? కార్యాలయములలో వీనిని డి. అండ్ ఓ. వ్యాపారములందురు; అనగా ప్రమాదకరములు, అసహ్యకరములు అని అర్థము. మన కన్నులయెదుటనే యున్నవానిని లెక్కింతము. బియ్యపుమిల్లు ఊకను, దుమ్మును, పొగను పుట్టించును. కట్టెల అడితికి నిప్పుభయము. తోళ్లను నిలువచేయు కొట్టునకు దుర్గంధము. సున్నపుబట్టీకి పొగ. కొల్లేటి ప్రాంతపు చేపలు దూరదేశములకు చెడక చేరుటకు మంచుగడ్డ కావలెను. ఆ ఐసుఫ్యాక్టరీలలో పెక్కింట వాడబడు అమ్మోనియావాయువు గొట్టము పగిలి వెలువడినచో చుట్టుప్రక్కలవారి ఊపిరికే ముప్పు. ఏలూరు తివాచీలకు ప్రసిద్ధి; ఉన్నికి రంగువేసిన నీరు ఎచ్చటికో పోవలెను గదా! ఈ వృత్తులలో నేదియు పాపమైనది కాదు. ఇవన్నియు మన అన్నమునకు ఆధారములే. అయినను ఒకరికి అన్నము పెట్టు పని మరియొకరికి రోగము తేకుండునట్లు హద్దు గీయవలసియున్నది.

ఈ హద్దులు తెల్లదొరలు తెచ్చిన క్రొత్తవింత యని తలపరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, వీథిలో చెత్త పోసినవానికిని, బురదనీరు నిలిపినవానికిని వేరువేరు జరిమానాలు విధింపబడినవి. రాజమార్గమందైనచో అవి రెట్టింపు. లండను నగరము 1666లో తగులబడిన పిమ్మట, అచ్చట ఇండ్లను ఇటుకతోగాని రాతితోగాని కట్టవలెనని మరుసటి యేడు శాసనము చేసిరి. పెక్కు నియమములవెనుక నొక పాత దుఃఖము దాగియుండును. దానిని మరచినవారికి నియమము వట్టి పీడగా తోచును.

దరఖాస్తు నడచు త్రోవను ఇప్పుడు చూతము. ఒక వర్తకుడు తాడేపల్లిగూడెములో కట్టెల అడితి పెట్టదలచెననుకొందము. అతడు స్థలముయొక్క వివరములతో అర్జీ పెట్టుకొనును. 2019 మొదలు వార్డు సచివాలయములు ఏర్పడినందున కచేరీవరకు పోనక్కరలేక అచ్చటనే ఇయ్యవచ్చును. ఉద్యోగి వచ్చి స్థలమును పరీక్షించును: ప్రక్కన బడి కలదా? ఆసుపత్రి కలదా? దారి యెంత వెడల్పు? నిప్పంటుకొన్నచో నీళ్లబండి లోనికి రాగలదా? అతని నివేదికను చూచి కమీషనరు అనుమతించును, లేదా నిరాకరించును, లేదా షరతులతో అనుమతించును. కట్టెల ప్రోవు ఇంత యెత్తునకు మించరాదు, గోడకు ఇంత దూరముండవలెను అనునవి అట్టి షరతులు. నిరాకరించునప్పుడు కారణమును వ్రాయవలెను. కారణము లేని నిరాకరణమునకు అప్పీలు మార్గమును, న్యాయస్థానపు ద్వారమును తెరచియే యుండును. రాజ్యాంగము 19వ అధికరణమున ప్రతి పౌరునికిని వృత్తివ్యాపారముల స్వేచ్ఛను ఒసగినది. ప్రజాహితమునకై సమంజసమైన కట్టుబాట్లను మాత్రము విధింపనిచ్చినది. కాబట్టి లైసెన్సు దయ కాదు. షరతులను నెరవేర్చువానికి అది హక్కువంటిది.

ఇచ్చట నొక ముఖ్యవిషయము కలదు. నియమమును చేయువారొకరు, దానిని ఒక్కొక్కని విషయమున వర్తింపజేయువారు మరియొకరు. కౌన్సిలు సభ్యులు బహిరంగసభలో చర్చించి, తీర్మానము ప్యాసుచేసి, పట్టణమంతటికి నొక నియమము నేర్పరతురు. కమీషనరును, అతని ఉద్యోగులును దానిని అమలుపరతురు. కౌన్సిలు సభ్యుడు “ఈ మిల్లు మావారిది, చూచీచూడనట్లు పొండు” అని ఉద్యోగికి చెప్పిన క్షణమున, తాను చేయి యెత్తి అంగీకరించిన నియమమును తానే చింపివేసినవాడగును. నియమము కఠినమని తోచినచో సభలో సవరణ తేవలెను. అప్పుడు బంధువునకును, పరాయివానికిని మేలు సమానముగా కలుగును. నియమమును అట్లేయుంచి తనవానిని తప్పించుట అన్యాయము. తనవాడు తప్పుకొన్నచో ఆ నియమపు భారము దిక్కులేనివానిమీదనే పడును.

రుసుము సంగతి చెప్పవలసియున్నది. పన్ను పట్టణపు సాధారణఖర్చులకొరకు వసూలగునది. లైసెన్సు రుసుము తనిఖీ, పర్యవేక్షణ మొదలగు పనులకు సంబంధించినది. హైదరాబాదు నగరమందలి హోటళ్లవారు రుసుము హెచ్చింపబడినదని వివాదమునకు దిగగా, 1999లో సుప్రీముకోర్టువారు తీర్పు చెప్పిరి. కట్టడికొరకు విధించు రుసుమునకు బదులుగా వర్తకునికి ప్రత్యేకసేవ చేయనక్కరలేదు గాని అది మితిమీరియుండరాదని దాని సారాంశము. దీనినిబట్టి వర్తకుడు అడుగదగిన ప్రశ్న యొకటి కలదు: “మీరు రుసుము తీసికొంటిరి, తనిఖీ చేసితిరా?” చూడకయే ఇచ్చిన లైసెన్సు వర్తకునికి రసీదు, పొరుగువానికి మోసము.

మిల్లుగలవానికి ప్లీడరు దొరకును. తోపుడుబండివానికిని, తట్టలో చేపలు తెచ్చి వీథిమొగను కూర్చుండు స్త్రీకిని ఎవరు దిక్కు? చిరకాలము వారు లైసెన్సు లేనివారుగా ఎంచబడి ప్రతిదినమును భయముతో బ్రతికిరి. వీథియందు చిల్లరవ్యాపారము కూడ, తగిన కట్టుబాట్లకు లోబడి, రాజ్యాంగ మొసగిన హక్కేయని సుప్రీముకోర్టువారు 1989లో ఢిల్లీకి సంబంధించిన యొక వ్యాజ్యమున చెప్పిరి. తుదకు 2014లో పార్లమెంటు వీథివర్తకుల రక్షణచట్టమును చేసెను. దానిప్రకారము అయిదేండ్ల కొకసారియైనను వీథివర్తకులను లెక్కింపవలెను. పట్టణ జనసంఖ్యలో నూటికి రెండున్నరవంతువరకు వారికి చోటు చూపవలెను. ఈ విషయములను చూచు టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి నలువదిమందికి తక్కువకాకుండ వీథివర్తకులే సభ్యులుగా నుండవలెను. వారిలో మూడవవంతు స్త్రీలు. ముప్పదిదినముల నోటీసు లేనిదే వారిని కదలింపరాదు. పట్టుకొన్న సరకు చెడిపోవునదైనచో ఆనాడే తిరిగి ఇయ్యవలెను. ఈ చివరిమాటను వ్రాసినవారికి చేపలతట్ట సంగతి తెలిసియుండునని మేము తలంతుము; మరునాడు ఇచ్చిన చేప ఇచ్చినట్లు కాదు గదా!

అయినను రెండవ ప్రక్కను చూడకపోరాదు. దారి నడచువారిది, ఆసుపత్రికి పోవు బండిది, బడికిపోవు పిల్లలది. బండ్లన్నియు ఒకే మూల చేరి, చేపలు కడిగిన నీరు కాలువలో నిలచినచో దోమల బాధ పేదలపేటకే ముందుగా చేరును. కాబట్టి “అందరిని తరిమివేయుడు” అనుటయు, “అందరిని వదలివేయుడు” అనుటయు కౌన్సిలుకు తగవు కావు. ఎచ్చట, ఏ వేళ, ఎందరు, ఏ షరతులతో అని తూచి నిర్ణయించుటలోనే సంఘముయొక్క వివేకము తేలును.

మరియొక చిక్కు కలదు. అధికారము పొలిమేరతో ఆగును, నీరు ఆగదు. ఏలూరు తమ్మిలేటి యొడ్డున నున్నది. ఆ యేరు కొల్లేటిలో కలియును. పట్టణమున మురుగుకాలువలోనికి వదలిన నూనె, రంగు, మలినము అచ్చటి చేపలకును పక్షులకును చేరును. కొల్లేరు 1999లో వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్సారు ఒడంబడికక్రింద అంతర్జాతీయప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపబడెను. సరస్సున పురపాలక సంఘమునకు అధికారము లేదు గాని, సరస్సునకు పోవు మురుగు పుట్టు దుకాణముమీద అధికారము కలదు. 1920 చట్టమును వ్రాసినవారు ఈ చిక్కును కొంత యెరుగుదురు. పట్టణపు పొలిమేర వెలుపల మూడు మైళ్లదూరము లోపలి స్థలములకు కూడ లైసెన్సు ప్రకటనను వర్తింపజేయవచ్చునని అందు చెప్పిరి.

2020 డిసెంబరు 5వ తేదీ మొదలు కొన్ని దినములలో ఏలూరునందు అయిదువందలకు పైబడినవారు మూర్ఛలతోను, వాంతులతోను ఆసుపత్రుల పాలైరి. ఢిల్లీ ఎయిమ్సువారు రోగుల రక్తమున సీసము, నికెలు ఉన్నవని తెలిపిరి. ఇతర పరిశోధకులు పురుగుమందుల శేషములను చూపిరి. దీనిని చెప్పుట ఏ దుకాణముమీదనో దోషము మోపుటకు కాదు. అట్టి ఆపదలో వైద్యులు మొదట అడుగు ప్రశ్న యేమి? ఈ పేటలో ఏ సరకు నిలువయున్నది, ఏ పని జరుగుచున్నది, ఆ నీరెటు పోవుచున్నది అని. దీనికి జవాబు లైసెన్సు రిజిస్టరులో నుండవలెను. నిజమైన తనిఖీతో నిండిన రిజిస్టరు ఆనాడు ప్రాణరక్షకము. ఊరక నిండిన రిజిస్టరు వట్టి కాగితము.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు వర్తకులగుదురు, కొందరు ఉద్యోగులగుదురు, కొందరు కౌన్సిలులో కూర్చుందురు, అందరును పొరుగువారగుదురు. ఈ సెలవులలో మీ వీథియందలి మర, అడితి, హోటలు మొదలైనవానిలో అయిదింటిని ఎన్నుకొని, వినయముతో వారి లైసెన్సును చూపుమని అడిగి, అందలి షరతులను మీ పుస్తకమున వ్రాసికొనుడు. ప్రతి షరతునకు ఎదురుగా, అది ఎవరిని కాపాడుటకు పుట్టినదో వ్రాయుడు. ఎవరిని కాపాడునదియు కాని షరతు కన్పించినచో, దానిని తీసివేయుమని కౌన్సిలుకు అర్జీ వ్రాయుట నేర్చుకొనుడు. కాపాడునదియై, అమలుకాక పడియున్న షరతు కన్పించినచో, దానికి కూడ అర్జీ వ్రాయుడు. ఈ రెండు అర్జీలను మర్యాదగా, కారణసహితముగా వ్రాయగల పౌరులున్న ఊరిలో లైసెన్సు పన్నురసీదుగానో, అధికారుల దయగానో దిగజారదు.